చల్లని సంలీనం: విస్తరాకుల లెక్క

బరంపురం తెలుగు పెద్దలకు, ఒడియా మీడియంలో చదువుతూ కూడా ఈ సభకు వచ్చిన పిల్లలకు నమస్కారం.

1989 మార్చి 23న అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో ఫ్లైష్‌మన్, పాన్స్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు విలేకరులను పిలిచారు. భారజలంలో, అంటే మామూలు హైడ్రోజన్‌కు బదులు డ్యూటీరియం అనే బరువైన హైడ్రోజన్ ఉన్న నీళ్లలో, పల్లాడియం అనే లోహపు కడ్డీ ముంచి కరెంటు పంపితే రసాయన చర్యలకు అందనంత వేడి పుట్టిందని, అది కేంద్రక సంలీనమేనని, అంటే మామూలు ఉష్ణోగ్రతలోనే చిన్న పరమాణు కేంద్రకాలు కలిసి పెద్దవయ్యాయని చెప్పారు. వేడి సంగతి అలా ఉంచండి. పెళ్లిలో ఎంతమంది తిన్నారో విస్తరాకులు లెక్కపెడితే తెలుస్తుంది కదా. మరి సంలీనం జరిగితే ఏం మిగలాలి?

రెండు డ్యూటీరియం కేంద్రకాలు కలిస్తే మూడు దారులున్నాయి. దాదాపు సగం సార్లు ట్రిటియం (ఇంకా బరువైన హైడ్రోజన్), ప్రోటాన్ వస్తాయి. మిగతా సగం హీలియం-3, న్యూట్రాన్. ఏ కోటికొక్కసారో హీలియం-4తో పాటు 23.8 ఎంఈవీల గామా కిరణం (ఈవీ అంటే ఎలక్ట్రాన్ వోల్టు, కణాల శక్తికి కొలత; ఎంఈవీ అంటే పది లక్షల ఈవీ). ఈ లెక్కన ఒక్క వాటు వేడికి సెకనుకు 80 వేల కోట్లకు పైగా న్యూట్రాన్లు రావాలి. ఆ పాత్ర పక్కన గంటసేపు నిలబడ్డవాడికి ప్రాణం దక్కదు. వాళ్లిద్దరూ ప్రెస్‌మీట్‌కు నిక్షేపంలా వచ్చారు!

అదే ఏడాది మన భాభా అణు పరిశోధన కేంద్రం, పి.కె. అయ్యంగార్ డైరెక్టరుగా ఉండగా, ట్రిటియం కనిపించిందని ప్రకటించింది. దానితో పోలిస్తే న్యూట్రాన్లు బహు స్వల్పం. చెరిసగం రావాల్సినవి అలా రావడమేమిటి?

అందుకే కొత్త దారులు ఊహించారు. గామా కిరణంగా పోవాల్సిన శక్తిని లోహపు స్ఫటికమే పంచుకుంటుందని కొందరన్నారు. ఎలక్ట్రాన్, ప్రోటాన్ కలిసి న్యూట్రాన్ అవుతుందని, అది పక్క కేంద్రకంలో దూరుతుందని మరికొందరన్నారు. న్యూట్రాన్‌కు విద్యుదావేశం లేదు కాబట్టి కేంద్రకం దాన్ని వెనక్కి నెట్టదు, అడ్డూ లేదు, వినడానికి బాగానే ఉంది. కానీ దాన్ని పుట్టించడానికి 0.78 ఎంఈవీ, అంటే 7 లక్షల 80 వేల ఈవీ కావాలి. రసాయన బంధాల్లో ఉండేది నాలుగైదు ఈవీ. నాకైతే ఆ వాదన మింగుడుపడలేదు.

మన ఛత్రపురం ఇసుకలోని థోరియం దీనికి పనికొస్తుందా అని ఇందాక ఒకరు అడిగారు. రాదండీ, అది విచ్ఛిత్తి దారి, అంటే పెద్ద కేంద్రకాన్ని పగలగొట్టే దారి.

2025లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్లు పల్లాడియం మీద ఒకవైపు నుంచి డ్యూటీరియం అయాన్లను (ఆవేశమున్న పరమాణువులను) కొడుతూ, రెండోవైపు నుంచి కరెంటుతో డ్యూటీరియం కుక్కారు. సంలీనం 15 శాతం పెరిగింది. మింగిన కరెంటు 15 వాట్లు, ఇచ్చింది వాటులో వంద కోట్లో వంతు. అయినా నాకు ఆ పని నచ్చింది. వాళ్లు వేడిని కాదు, న్యూట్రాన్లను లెక్కపెట్టారు.