తాడా, పలకా?

శ్రావణి: నమస్కారం, చెన్నై నుంచి మళ్లీ మేమే. లంగరు వేసిన తెరచాప పడవ పక్కలకు ఊగకుండా నీళ్లలోకి దించే పలకల గురించి ఈ రోజు. మురళి అన్నా, కాసిమేడు రేవులో వేసిన ఒట్టు గుర్తుందిగా? ముందు పలక, తాడు మాట తర్వాతే.

మురళి: తర్వాతెందుకమ్మా? అసలు మందు తాడే.

శ్రావణి: ముందు పలక. తెరచాప అడుగున ఉండే అడ్డకర్రను, అదే బూమ్‌ని, పక్కకు చాపి, దాని చివర్నుంచి రెండు మీటర్ల లోతుకు దించాలి. దిగేటప్పుడు రెక్కలు ముడుచుకుంటాయి. పైకి లాగితే విచ్చుకుని నీటిని పట్టేస్తాయి. ఆ పక్క ఇక సులువుగా లేవదు.

మురళి: మంచిదే. కానీ ఊపు ఎందుకొస్తోంది? పుదుచ్చేరి ముందర, జులై రాత్రి చూడు. గాలి ఒడ్డు నుంచి, కాబట్టి పడవ ముక్కు పడమటికి. స్వెల్, అంటే దూరపు గాలికి పుట్టిన అల, దక్షిణం నుంచి. సరిగ్గా డొక్కలో తగులుతుంది. పైగా అల వచ్చే వ్యవధీ, పడవ సొంత ఊపూ కలిశాయా, ఉయ్యాలను సమయం చూసి తోసినట్టే.

శ్రావణి: వెనక చిన్న తెరచాప కడితే?

మురళి: అది ముక్కును గాలికే నిలబెడుతుంది. డొక్కను అలకు అప్పజెప్పడమేగా!

శ్రావణి: గాలీ, అలలూ ఒకే దిక్కు నుంచి వచ్చే రోజున? పడవ లంగరు మీద అటూ ఇటూ తిరక్కుండా ఆపుతుంది.

మురళి: ఆ రోజుకు ఒప్పుకుంటా. మిగతా రోజులకు తాడే! ముక్కు దగ్గర లంగరు గొలుసుకు తాడు ముడేసి, కుడి పక్క బయటి నుంచి వెనక ఉన్న వించ్‌కు, అదే తాడు బిగించే చక్రానికి, తెచ్చుకో. గొలుసు ఇంకొంచెం వదులు. పడవ గాలికి అడ్డం తిరిగి, ముక్కు దక్షిణానికి వస్తుంది. వించ్‌తో కోణం సరిచేసుకో.

శ్రావణి: పక్కకు గాలి తగిలితే లంగరు మీద లాగుడు పెరగదా?

మురళి: పెరుగుతుంది. గాలి గట్టిపడితే వెంటనే తాడు వదిలెయ్యాలి.

శ్రావణి: అర్ధరాత్రి ఎవరు లేస్తారన్నా? పోయినసారి అమ్మకు కంటి మీద కునుకు లేదు. స్టీలు గ్లాసు సింకులో తెల్లారేదాకా దొర్లుతూనే ఉంది. దిగాక నాతో మాట్లాడలేదు.

మురళి: …మళ్లీ వస్తానందా?

శ్రావణి: నిద్రపడితే వస్తానంది.

మురళి: అయితే రెండూ పెడదాం. నీ పడవ ముప్పై అడుగులేగా? అరవై అడుగుల నైలాన్ తెచ్చుకో.

శ్రావణి: నైలానే ఎందుకు?

మురళి: సాగుతుంది. ఆ నీలం తాడు మాత్రం తేకు.

శ్రావణి: నీలం తాడు ఊసెత్తకన్నా.

మురళి: ఎత్తాల్సిందే, ఎందుకంటే ఆ రోజు…

శ్రావణి: ఆపేస్తున్నా. వచ్చే వారం కలుద్దాం.