ఏటిగట్టు మీది ఊరు, జర్మన్ బెంచీ: ఒక నిఘంటువు రివ్యూ

నమస్కారం. నా చేతిలో ఉన్న ఈ జర్మన్–ఇంగ్లీషు, ఇంగ్లీషు–జర్మన్ నిఘంటువును ప్రచురణకర్తలు ఉచితంగా పంపారని ముందే చెప్పడం నా ధర్మం. డబ్బు మాత్రం పుచ్చుకోలేదు. ధర, పేజీల లెక్క జోలికి మాత్రం వెళ్లను.

జర్మన్ మొదలుపెట్టిన కొత్తలో "మాది రావులపాలెం దగ్గర ఏటిగట్టు మీది ఊరు" అని వ్యాసంలో రాయవలసి వచ్చింది. నా దగ్గర తెలుగు–జర్మన్ నిఘంటువు లేకపోవడం వల్ల గట్టును ఇంగ్లీషులో 'బ్యాంక్' చేసుకుని, ఆ మాట కింద మొదట కనబడిన 'డీ బాంక్'ను ఎత్తి రాసేశాను. దిద్దిన మేడమ్ నవ్వాపుకోలేక, "కాపురం డబ్బులు దాచే చోటనా, బెంచీ మీదనా?" అని అడిగారు. జర్మన్ 'బాంక్'కు ఆ రెండు అర్థాలూ ఉన్నాయి. గట్టు మాత్రం లేదు. ఏటి ఒడ్డును 'దాస్ ఊఫర్' అంటారు, అది అదే పేజీలో రెండు వరుసల కిందనే ఉంది.

అప్పటి నుంచి ఇంగ్లీషు వైపు దొరికిన ప్రతి జర్మన్ మాటనూ జర్మన్ వైపు తిప్పి చూసి, అది నేను బయలుదేరిన అర్థానికే తిరిగి వస్తుందని తేలాకే రాస్తున్నాను. ఈ పుస్తకం నా మనసు దోచింది అక్కడే. 'బాంక్'ను రెండు వేరు పదాలుగా ఇచ్చి, బెంచీ పక్కన బహువచనం 'బెంకె' అనీ, డబ్బుల బ్యాంకు పక్కన 'బాంకెన్' అనీ స్పష్టంగా అచ్చు వేశారు. జర్మన్‌లో బహువచనానికి మన 'లు' లాంటి ఒకే దారి లేదు కాబట్టి, నామవాచకాన్ని దాని లింగాన్ని తెలిపే దేర్, డీ, దాస్‌లతోనూ బహువచనంతోనూ కలిపి ఒక్క మాటగా నోట్లో పెట్టుకోవడమే మేలు. రాజమండ్రిలో పాత పుస్తకాల కొట్టులో కొన్న నా మొదటి నిఘంటువులో ఈ వివరాలు అరకొరగా ఉండేవి. పైగా అది 1996 నాటి జర్మన్ వర్ణక్రమ (స్పెల్లింగు) సంస్కరణకు ముందుది కావడంతో, 'అని' అనే అర్థమిచ్చే 'దస్' మాటను చివర రెండు 'ఎస్'లకు బదులు పాత పద్ధతిలో 'ఎస్‌సెట్' (ß) అక్షరంతో రాసి నేను మార్కులు కూడా పోగొట్టుకున్నాను.

ఇక చికాకు. "ఇహ్ రూఫె దిహ్ ఆన్", అంటే నీకు ఫోన్ చేస్తాను, అన్న వాక్యంలో చివరి 'ఆన్' క్రియ ముందుకు చేరి 'ఆన్‌రూఫెన్' అవుతుందని గ్రహించి 'ఎ' అక్షరంలో వెతకాలి. 'రూఫెన్' దగ్గరే ఆగితే పిలవడం, కేకవేయడం అన్న అర్థాలే దొరుకుతాయి. ఏ క్రియ ఇలా విడిపోతుందో తెలిపే నిలువు గీతను ఇందులో ఎంత సన్నగా వేశారంటే, కరెంటు పోయిన సాయంత్రం లాంతరు దగ్గర పెట్టుకున్నా నాకు ఆనలేదు. పలుచని కాగితం మన వానాకాలపు చెమ్మకు అంటుకుపోతుండటం మరో తలనొప్పి.

అయినా జర్మన్ భాషలో బి2 స్థాయి పరీక్షకు చదువుతున్న మన నర్సింగ్ పిల్లలకు దీన్నే కొనమంటాను. ఆ బహువచనాల కోసం గీతను క్షమించేశాను; విడిపోయే క్రియలన్నిటికీ పెన్సిలుతో నేనే గీతలు పెట్టుకుంటూ ఇప్పటికి 'ఎఫ్' దాకా వచ్చాను.