హెచ్‌ఐవీ ఉందని ఆపరేషన్ ఆపేయకండి

అందరికీ నమస్కారం. మలద్వారం జబ్బుల గురించి నోరు విప్పడమే కష్టం, దానికి హెచ్‌ఐవీ కూడా తోడైతే మనిషి డాక్టరు గడప తొక్కడానికే నెలలు పడుతుంది. అంత ధైర్యం చేసి వచ్చినవాళ్లను "మీకు కోస్తే పుండు మానదు" అని వెనక్కి పంపేస్తుంటే నాకు చాలా బాధగా ఉంటుంది, ఎందుకంటే ఆ మాటకు ఎప్పుడో కాలం చెల్లింది.

1980ల్లో అది నిజమే. సరైన మందుల్లేవు, ఎయిడ్స్ ముదిరినవాళ్లకు కోత పెడితే గాయం నెలల తరబడి మానేది కాదు. 1996 ప్రాంతంలో హెచ్‌ఐవీని అణచే మందులు కలిపి ఇచ్చే ఏఆర్‌టీ చికిత్స వచ్చాక పరిస్థితి మారిపోయింది. ఇప్పుడు మాత్రలు సరిగ్గా వేసుకుంటూ, వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ మోతాదు) అదుపులో ఉండి, సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క) బాగుంటే పైల్స్‌కైనా ఫిస్టులాకైనా (మలద్వారం పక్కన పడే చీము దారి) మిగతా అందరికీ చేసినట్టే చేయొచ్చు. సీడీ4 200 కంటే తక్కువుంటే, అందులోనూ 50 లోపుంటే మాత్రం ఆలోచించాలి: తొందర లేని ఆపరేషన్ వాయిదా వేసి ముందు ఒళ్లు కోలుకోనివ్వాలి, ఫిస్టులాకి పెద్ద కోత బదులు సీటన్ దారం వేసి చీము పోయే దారి ఉంచాలి.

చీముగడ్డకు మాత్రం ఈ లెక్కలేవీ పనికిరావు, సీడీ4 ఎంతున్నా వెంటనే చీము తీసేయాల్సిందే.

ఇంకొకటి, ఇక్కడే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. మామూలు ఫిషర్ సాధారణంగా మలద్వారానికి వెనకవైపు నడిమధ్యలో సన్నటి చీలికలా ఉంటుంది. పుండు పక్కకు ఉండి, వెడల్పుగా, లోతుగా కనిపిస్తే అది ఫిషర్ కాకపోవచ్చు. హెర్పిస్, సిఫిలిస్, టీబీ, క్యాన్సర్ ఏదైనా కావచ్చు. ముక్క తీసి బయాప్సీకి పంపండి. ఫిషరే అనుకుని మలద్వారాన్ని బిగించి ఉంచే కండరం కోసేస్తే, అసలే విరేచనాలతో ఉన్న మనిషికి మలం ఆపుకునే పట్టు పోవచ్చు, ఆ అవస్థ చెప్పుకోలేనిది.

క్యాన్సర్ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా, హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల మలద్వారంలో క్యాన్సర్‌కు ముందు వచ్చే మార్పులను వదిలేయకండి. 2022లో వెలువడిన యాంకర్ అధ్యయనంలో 35 ఏళ్లు దాటిన హెచ్‌ఐవీ ఉన్నవాళ్లలో ఆ మార్పులకు చికిత్స చేస్తే మలద్వార క్యాన్సర్ 57 శాతం తగ్గింది.

ఇక ఆపరేషన్ థియేటర్ సిబ్బంది టెన్షన్. వైరస్ ఉన్న రక్తం అంటిన సూది గుచ్చుకుంటే హెచ్‌ఐవీ సోకే అవకాశం దాదాపు 0.3 శాతం, పేషెంటు వైరల్ లోడ్ అదుపులో ఉంటే ఇంకా తక్కువ. గుచ్చుకుంటే వీలైనంత త్వరగా, 72 గంటలు దాటకుండా మందులు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. గ్లవ్స్, కళ్లద్దాలు ఈ ఒక్క పేషెంటుకే కాదు, ప్రతి పేషెంటుకూ వేసుకోవాల్సినవే.