ఊరి పేరులో ఎవరి యాస?

అందరికీ నమస్కారం.

ఇంగ్లండ్‌లో, నార్ఫోక్ కౌంటీలో గ్రేట్ స్నోరింగ్, లిటిల్ స్నోరింగ్ అని రెండు ఊళ్లున్నాయి. పెద్ద గురక, చిన్న గురక! ఇప్పుడు జనం చిన్న గురకలోనే ఎక్కువ, అది వేరే సంగతి. అసలు ఆ పేరులో గురకే లేదు. స్నేర్ అనే మనిషి ఒకడుండేవాడు. అతని వాళ్లు కాపురమున్న చోటు అది. చివరి 'ఇంగ్' అంటే 'ఫలానా వాళ్లు' అని.

అందుకే ఊరి పేరును ఈనాటి చెవితో వినకూడదు. పాత రాత వెతకాలి. నార్మన్ రాజు విలియం 1086లో ఊరూరా భూముల లెక్కలు తీయించాడు. డోమ్స్‌డే బుక్ అంటారు. అందులో నాటింగ్‌హామ్ పేరు 'స్న'తో మొదలవుతుంది. స్నాట్ అనేవాడి వాళ్ల ఊరు. ఇంగ్లీషులో స్నాట్ అంటే చీమిడి కదా, మొదటి 'స' రాలిపోవడం ఆ ఊరి అదృష్టమే!

లాంకషైర్‌లో పెండిల్ హిల్ ఉంది. ఇంగ్లీషువాళ్ల కంటే ముందున్నవాళ్లు దాన్ని 'పెన్' అన్నారు, అంటే కొండ. తర్వాత వచ్చినవాళ్లు అది ఉత్త పేరే అనుకుని, తమ మాటలో 'హిల్' తగిలించారు. రెండూ కలిసిపోయి పెండిల్ అయ్యాక ఇంకో హిల్. కొండ కొండ కొండ! మనం నడిమధ్య అనమూ? నడి అన్నా మధ్యే.

నాకు బాగా నచ్చేది చీజ్ కథ. లండన్‌లో కలిసిపోయిన చిజిక్, ఉత్తరాన కంబ్రియాలోని కెజిక్. స్పెల్లింగ్‌లో రెంటికీ చివర 'విక్' ఉంటుంది, నోట్లో 'వ' వినపడదు. విక్ అంటే పాడి మకాం. రెండూ చీజ్ చేసిన చోట్లే. మరి ఒకచోట చ, ఇంకోచోట క ఎందుకు? 9, 10 శతాబ్దాల్లో స్కాండినేవియా నుంచి వైకింగులు వచ్చి ఉత్తరాన, తూర్పున స్థిరపడ్డారు. విట్‌బీ, గ్రిమ్స్‌బీలలో 'బీ' వాళ్ల మాటే, ఊరు అని. కొత్త ఊళ్లకు పేర్లు పెట్టడంతో ఆగలేదు, ఉన్న పేర్లనూ తమ యాసలోకి తిప్పుకున్నారు. ఆ నోళ్లలో చ కాస్తా క అయింది, ష కాస్తా స్క అయింది.

ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో షిప్టన్ ఉంది. షిప్పులేమీ లేవు, గొర్రెల దొడ్డి అని అర్థం. అదే మాట యార్క్‌షైర్‌లో స్కిప్టన్. అక్కడ ఇవాళ్టికీ గొర్రెల వేలం జరుగుతూనే ఉంది.