ప్రచ్ఛన్న యుద్ధంలో పాలపళ్ళు

అందరికీ నమస్కారం.

ముందు ఒక పేరు గురించి మాట్లాడి అసలు విషయానికి వస్తాను. రెండో ప్రపంచయుద్ధం తర్వాత అమెరికా, సోవియట్ యూనియన్‌ల మధ్య నలభై ఏళ్ళకు పైగా నడిచిన వైరానికి ఇంగ్లీషువాళ్ళు పెట్టిన పేరుని ఉన్నదున్నట్టు తెలుగు చేస్తే ‘చల్లని యుద్ధం’ అవుతుంది. మనవాళ్ళు అలా చేయలేదు. ‘ప్రచ్ఛన్న యుద్ధం’ అన్నారు. ఆ మాట వేసిన సబ్ ఎడిటర్ ఎవరైనా సరే, దణ్ణం పెట్టాలనిపిస్తుంది. ప్రచ్ఛన్నం అంటే కప్పిపెట్టినది, మరుగున ఉన్నది. ఇవాళ నేను చెప్పబోయేదంతా ఆ కప్పిపెట్టడం గురించే.

కొరియా, వియత్నాం, అంగోలా, అఫ్గానిస్తాన్ కథలు మీకు తెలిసినవే. ఆంబోతులు పోట్లాడుకుంటే లేగదూడల కాళ్ళు విరిగాయన్న సామెత అక్కడ సరిపోతుంది. కానీ ఇంకో లెక్క ఉంది. అమెరికా 1,054 అణుపరీక్షలు చేసింది, సోవియట్ యూనియన్ 715 చేసింది. వీటిలో ఒక్కటి కూడా శత్రువు నేల మీద పేలలేదు. మరి ఎక్కడ పేలాయి? దాదాపు అన్నీ సొంత నేల మీద, లేదంటే తమ చెప్పుచేతల్లో ఉన్న దీవుల్లో.

1946 ఫిబ్రవరిలో ఒక ఆదివారం, ప్రార్థన ముగిశాక, పసిఫిక్‌లోని బికినీ దీవిలో జనాన్ని కూర్చోబెట్టి అమెరికా నౌకాదళాధికారి బెన్ వయట్ ఒక మాట అడిగాడు. మానవాళి మేలు కోసం, యుద్ధాలన్నిటికీ ముగింపు పలకడం కోసం మీ దీవిని మాకిస్తారా అని. అక్కడున్నది 167 మంది. అప్పటికే ఓడలు బయల్దేరే ఏర్పాట్లు జరుగుతున్నాయి కాబట్టి అది అడగడమో, చెప్పడమో మీరే తేల్చుకోండి. వాళ్ళని తీసుకెళ్ళి దించిన రొంగెరిక్ దీవిలో తిండి చాలక రెండేళ్ళలో బక్కచిక్కిపోయారు. చివరికి కిలీ అనే చోట పెట్టారు. పడవ మీద పుట్టి పడవ మీద పెరిగిన మనుషులు వాళ్ళు. కిలీకి పడవ ఆపుకోవడానికి ఒక మడుగు కూడా లేదు.

1954 మార్చి 1న బికినీలో ‘బ్రావో’ అనే హైడ్రోజన్ బాంబు పేలింది. ఆరు మెగాటన్నుల దాకా ఉంటుందనుకున్నది పదిహేనైంది, అంటే హిరోషిమా బాంబుకి దాదాపు వెయ్యి రెట్లు. కొన్ని గంటల తర్వాత రొంగెలాప్ దీవిలో ఆకాశం నుంచి తెల్లటి పొడి రాలింది. అది నిప్పులో కాలిన పగడపు దిబ్బ బూడిద. పిల్లలు అందులో ఆడుకున్నారు. రెండు రోజుల తర్వాత గానీ ఎవరూ వచ్చి వాళ్ళని తీసుకెళ్ళలేదు. అదే బూడిద ఒక జపాన్ చేపల పడవలో ఉన్న 23 మంది మీద కూడా పడింది. పడవ రేడియో ఆపరేటర్ కుబొయామా సెప్టెంబరులో చనిపోయాడు. ఆ ఏప్రిల్ 2న నెహ్రూ మన పార్లమెంటులో లేచి, ముందు ఈ పరీక్షలైనా నిలిపేయండి అన్నాడు. విన్నవాళ్ళున్నారు గానీ ఆపినవాళ్ళు లేరు.

ఇది బయటి కథ. ఇంటి కథ ఇంకా విచిత్రం.

నెవాడా ఎడారిలో 1951లో పరీక్షలు మొదలయ్యాయి. లాస్ వేగాస్ హోటళ్ళలో జనం తెల్లవారుజామున మేడ మీదికెక్కి, గ్లాసులు పట్టుకుని ఆ వెలుగు చూసేవాళ్ళు. గాలి వేగాస్ వైపో, లాస్ ఏంజెలెస్ వైపో వీస్తుంటే పరీక్ష వాయిదా. తూర్పున యూటా వైపు వీస్తుంటే కానిచ్చేవాళ్ళు. అక్కడున్నది రైతులు, గొర్రెల కాపరులు. 1953లో వేల గొర్రెలు చచ్చిపోతే, మేత సరిగ్గా లేక చచ్చాయి పొమ్మన్నారు. కాపరులు కోర్టుకెళ్ళి ఓడిపోయారు. పాతికేళ్ళు దాటాక, 1982లో, ఆనాడు తీర్పు చెప్పిన జడ్జే ప్రభుత్వం నన్ను మోసం చేసిందన్నాడు. ఆ మాటనీ పై కోర్టు కొట్టేసింది.

నన్ను అన్నిటికన్నా కలవరపెట్టే సంగతి ఇంకొకటి. నెవాడాలో పేలాక, దేశానికి అటు చివరనున్న రోచెస్టర్‌లో కురిసిన మంచులో రేడియోధార్మికత కనిపించింది. అక్కడే కోడక్ ఫిల్ము ఫ్యాక్టరీ. ఫిల్ము పాడైపోతోంది, దావా వేస్తామని కంపెనీ గట్టిగా అంది. అణుశక్తి కమిషన్ దిగొచ్చి, ఇకపై పరీక్షల గురించి మీకు ముందే చెబుతామని ఒప్పుకుంది. చెప్పింది కూడా. ఆవు పాలు కాచి పిల్లలకి పోసే తల్లులకి మాత్రం చెప్పలేదు.

పాల సంగతి ఎందుకంటే, స్ట్రాన్షియం-90 అనే పదార్థం గుణంలో కాల్షియంకి దగ్గరి చుట్టం. గాలిలోంచి గడ్డి మీదికి, గడ్డిలోంచి ఆవులోకి, పాలలోంచి పిల్లల ఎముకల్లోకి, పళ్ళలోకి చేరుతుంది. దీన్ని రుజువు చెయ్యాలంటే పిల్లల ఎముకలు ఎక్కడి నుంచి తెస్తారు? 1958 చివర్లో సెయింట్ లూయిస్ నగరంలో కొందరు శాస్త్రవేత్తలు, డాక్టర్లు, గృహిణులు కలిసి దీనికో ఉపాయం పట్టారు: ఊడిపోయిన పాలపళ్ళు. డాక్టర్ లూయీస్ రైస్ ఆ పని నడిపింది. మనకి పాలపన్ను ఊడితే పేడముద్దలో పెట్టి ఇంటి కప్పు మీదికి విసిరేవాళ్ళం కదా. ఆ ఊళ్ళో పిల్లలు పన్నుని కవరులో పెట్టి, తల్లి ఎక్కడుండగా పుట్టారో, ఏ పాలు తాగారో కార్డు మీద రాయించి పంపారు. బదులుగా ‘నా పన్ను సైన్సుకిచ్చాను’ అని రాసున్న బిళ్ళ వచ్చేది, చొక్కాకి పెట్టుకోవడానికి. మొత్తం మూడు లక్షల పైచిలుకు పళ్ళు. 1963లో పుట్టినవాళ్ళ పళ్ళలో స్ట్రాన్షియం 1950లో పుట్టినవాళ్ళ కన్నా సుమారు యాభై రెట్లు ఎక్కువ.

ఈ లెక్కల మొదటి విడత 1961లోనే బయటికొచ్చింది. 1963 ఆగస్టు 5న మాస్కోలో గాలిలో, నీటిలో, అంతరిక్షంలో పరీక్షలొద్దని ఒప్పందం మీద సంతకాలు పడ్డాయి. దానికి పళ్ళు ఒక్కటే కారణమనను. 1962లో క్యూబాలో సోవియట్ క్షిపణులు పెట్టినప్పుడు అణుయుద్ధం అంచుదాకా వెళ్ళిన భయం అప్పటికింకా పచ్చిగానే ఉంది. భూమి లోపల మాత్రం పేల్చుకోవచ్చన్నారు. చెత్త ఊడవడానికి బదులు చాప కిందికి తోసినట్టు.

సోవియట్ వైపు పళ్ళు పోగుచేసేవాళ్ళెవరూ లేరు. కజక్ గడ్డిమైదానంలో సెమిపలాటిన్స్క్ దగ్గర 1949 ఆగస్టు 29న మొదటి బాంబు పేలింది. గాలి మోసుకెళ్ళిన ధూళి దోలోన్ లాంటి పల్లెల మీద పడింది. మొత్తం 456 పరీక్షలు. జబ్బుపడ్డవాళ్ళని పరీక్షించడానికి 1957లో ఒక ఆసుపత్రి తెరిచారు. బోర్డు మీద పేరు బ్రూసెల్లోసిస్ నివారణ కేంద్రం. అంటే పశువుల నుంచి వచ్చే జ్వరానికన్నమాట. రోగి పేరు రాసుకునేవాళ్ళు, రోగం పేరు చెప్పేవాళ్ళు కారు. ఇందుకే రెండు దేశాలూ ఒకటేనని నేననను. యూటా కాపరి కోర్టుకెళ్ళి ఓడిపోగలిగాడు, కజక్ కాపరికి ఓడిపోవడానికి కూడా కోర్టు లేదు.

1989 ఫిబ్రవరిలో సెమిపలాటిన్స్క్ భూగర్భ పరీక్షల్లో రేడియోధార్మిక వాయువు బయటికి లీకైంది. కజక్ కవి ఒల్జాస్ సులేమెనోవ్ టీవీలో కవితలు చదవాల్సిన వేళ, కవితలు పక్కనబెట్టి ఆ లీకు సంగతి చదివాడు. జనం వీధుల్లోకొచ్చారు. 1991లో ఆ స్థలాన్ని మూసేశారు. తేదీ మళ్ళీ ఆగస్టు 29.

పదేళ్ళ తర్వాత, 2001లో, సెయింట్ లూయిస్ శివార్లలో పాత మందుగుండు కొట్టు ఒకటి సర్దుతుంటే, గోడవారగా పేర్చిన పెట్టెలు బయటపడ్డాయి. పరీక్షకి నోచుకోకుండా మిగిలిపోయిన పాలపళ్ళు, దాదాపు 85,000. ఒక్కో చిన్న కవరు, ఒక్కో పన్ను, దానితోపాటు ఎవరి బిడ్డదో రాసిన కార్డు.