ధ్యానానికి కూర్చోబుద్ధి కావట్లేదా? ముందు మూడు నిమిషాలు ట్యాపింగ్ చేసి చూడండి

నమస్కారమండీ. ట్యాపింగ్ అంటే మనసులో ఉన్న ఇబ్బందిని పైకి చెబుతూ, ఒంటి మీద కొన్ని చోట్ల వేళ్లతో తట్టడం. ఎడమ చెయ్యి కెమెరాకి దగ్గరగా పెడుతున్నాం, చూడండి. చిటికెన వేలి మొదలు నుంచి మణికట్టు దాకా, చేతి అంచున మెత్తగా కండ ఉంటుంది కదా, ట్యాపింగ్ మొదలుపెట్టేది అక్కడే. దీన్ని కరాటే చాప్ పాయింట్ అంటారు. మిగతా పాయింట్లు కాసేపట్లో చూపిస్తాం. ఎక్కడ తట్టాలో రెండు నిమిషాల్లో వచ్చేస్తుంది. దేని గురించి తడుతున్నామో తేల్చుకోవడమే కష్టం, చాలామందికి పని జరగనిది అక్కడే.

ధ్యానం మానేసినవాళ్లలో ఎక్కువమందికి ధ్యానం చేయడం వచ్చు. విపశ్యన 10 రోజుల కోర్సు అయ్యాక ఇంట్లో పొద్దున గంట, సాయంత్రం గంట కూర్చోమని చెప్పి పంపిస్తారు. పిరమిడ్ ధ్యానంలో వయసెంతో అన్ని నిమిషాలు అంటారు, అంటే 52 ఏళ్లావిడ 52 నిమిషాలు కూర్చోవాలి. మొదట్లో బాగానే నడుస్తుంది. ఓ పెళ్లికని ఊరెళ్తారు, తిరిగొచ్చాక అలసట, ఆ తర్వాత 'సోమవారం నుంచి మళ్లీ మొదలెడదాంలే'. ఇక అక్కణ్నుంచి చాప కనబడితేనే మనసు ఏదోలా అయిపోతుంది. మనకి కావలసింది ఆ 'ఏదోలా' అన్నదే. వాయిదాల మీద ఏళ్ల తరబడి పరిశోధన చేసిన కెనడా సైకాలజిస్టు తిమోతీ పిచిల్ లాంటివాళ్లు చెప్పేదేంటంటే, పని తలుచుకోగానే వచ్చే ఇబ్బందిని తప్పించుకోవడానికే మనం దాన్ని వాయిదా వేస్తాం, టైం లేకపోవడం చాలాసార్లు పైకి చెప్పే సాకు. వాయిదా వేయగానే ప్రాణం హాయిగా ఉంటుంది, ఆ హాయే రేపు కూడా వాయిదా వేయిస్తుంది. ట్యాపింగ్ ఆ ఇబ్బంది పదును కొంచెం తగ్గిస్తుంది. దాన్నుంచి అంతకు మించి ఆశించకండి, మీ బదులు అది కూర్చోదు.

ఈ పద్ధతి పూర్తి పేరు ఎమోషనల్ ఫ్రీడమ్ టెక్నిక్స్, పొట్టిగా ఈఎఫ్‌టీ. అమెరికాలో రోజర్ కాలహన్ అనే సైకాలజిస్టు 1980లలో ఒక్కో సమస్యకి ఒక్కో వరుసలో పాయింట్లు తట్టించేవారు. ఆయన దగ్గర నేర్చుకున్న గ్యారీ క్రెయిగ్ ఇంజినీరింగ్ చదివిన మనిషి. 1990లలో ఆయన, ఇన్ని వరుసలెందుకు, ఏ సమస్యకైనా ఒకటే సరిపోతుందని దాన్ని తేలిక చేసేశారు. మనం చేసేది ఆ ఒక్క వరుసే.

సరే, చాప మీద కూర్చోకుండా, దాని పక్కన నిలబడండి. కుర్చీలో ధ్యానం చేసేవాళ్లయితే కుర్చీ పక్కన. ఇప్పుడే కూర్చోవాలి అనుకోండి. ఒంట్లో ఎక్కడ ఏమనిపిస్తోంది? ఛాతీ మీద బరువా, కడుపులో తిప్పినట్టా, ఫోన్ వైపు చెయ్యి లాగుతోందా? 0 నుంచి 10 దాకా దానికో అంకె వేయండి. 10 అంటే ఇక భరించలేను, 0 అంటే ఏమీ లేదు. ఆ అంకె కాగితం మీద రాయాలి. మనసులో పెట్టుకుంటే ఒక రౌండ్, అంటే పాయింట్ల వరుస మొత్తం ఒకసారి తట్టడం, అయ్యేసరికి 7 కాస్తా 'అబ్బే, 5 ఉండేదేమో' అయిపోతుంది.

అంకె 3 గానీ అంతకంటే తక్కువ గానీ వస్తే ట్యాపింగ్ అక్కర్లేదు, కూర్చోండి.

4 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే ముందు సెటప్ చేయాలి, అంటే ఆ ఇబ్బందిని పేరు పెట్టి ఒక వాక్యంగా చెప్పుకోవాలి. కరాటే చాప్ పాయింట్ మీద రెండో చేతి చూపుడు వేలు, మధ్య వేలు కలిపి తడుతూ, పైకి మూడుసార్లు చెప్పాలి: 'కూర్చోవాలనుకోగానే ఛాతీ మీద ఈ బరువు వస్తోంది, అయినా సరే, నన్ను నేను ఉన్నదున్నట్టు ఒప్పుకుంటున్నాను.' రెండో సగం అనడానికి నోరు రాకపోతే బలవంతం చేయకండి. 'ప్రస్తుతానికి ఇలా ఉంది, ఉండనీ' అన్నా చాలు.

ఇప్పుడు వరుస. నడినెత్తి మీద. తర్వాత కనుబొమ్మ, ముక్కు వైపున్న చివర. తర్వాత కంటి పక్కన ఎముక. చాలామంది వేళ్లు వెనక్కి జారి కణత మీదకి పోతాయి, అంత దూరం వద్దు, కంటి బయటి మూలను ఆనుకుని ఉన్న ఎముక మీదే ఉండాలి. తర్వాత కంటి కింద ఎముక, కనుపాప తిన్నగా కిందకి. తర్వాత ముక్కుకీ పైపెదవికీ మధ్య. తర్వాత కింది పెదవికీ గడ్డానికీ మధ్యనున్న పల్లం. గడ్డం పాయింట్ అని పేరే గానీ గడ్డం కొన మీద తట్టకూడదు. తర్వాత కాలర్ ఎముక: గొంతు కింద గుంట తగులుతుంది కదా, దాన్నుంచి ఒక అంగుళం కిందకి, ఒక అంగుళం పక్కకి. అది దొరకట్లేదంటే పిడికిలి బిగించి ఆ చోటంతా తట్టేయండి, ఫర్వాలేదు. చివరిది చంకకి నాలుగంగుళాల కింద, పక్కటెముకల మీద. కుడి, ఎడమ ఏ వైపైనా ఒకటే. ఒక్కో చోట ఏడుసార్లు తట్టాలి. ఆరైనా ఎనిమిదైనా కొంప మునగదు, లెక్కపెట్టడంలో పడి చెప్పాల్సిన మాట మర్చిపోతేనే నష్టం. బల్ల మీద వేళ్లతో దరువేసేటంత బలం చాలు. చర్మం ఎర్రబడిందంటే గట్టిగా కొడుతున్నట్టే.

ప్రతి పాయింట్ దగ్గరా ఒక చిన్న మాట అనాలి, 'ఈ బరువు', 'ఛాతీ మీద బరువు'. వరుస మొత్తం అయ్యాక ఒక నిండు శ్వాస, మళ్లీ అంకె. ఒక రౌండ్ నిమిషం పైచిలుకు పడుతుంది.

ఇక్కడ ఒక ఉదాహరణ నిదానంగా చూద్దాం, ఎందుకంటే చాలామంది సరిగ్గా ఇక్కడే ఆగిపోతారు. ఒకావిడ ఛాతీ మీద బరువుకి 7 వేసుకున్నారనుకోండి. మొదటి రౌండ్‌కి 5 అయింది. రెండో రౌండ్ చేసినా 5 దగ్గరే ఉంది. 'నాకిది పడదు' అని ఇక్కడే వదిలేస్తారు. వదలకుండా, ఆ 5 దేనికని అడగాలి. బరువు ఎప్పుడో పోయింది, దాని స్థానంలో ఇంకోటి వచ్చి కూర్చుంది: 'ఈసారి కూడా నాలుగు రోజులకే మానేస్తాను, ఇంట్లోవాళ్లు నవ్వుతారు.' ఇది వేరే విషయం కాబట్టి సెటప్ మార్చాలి. 'మళ్లీ మానేస్తానేమోనని సిగ్గుగా ఉంది, అయినా సరే' అని మళ్లీ మూడుసార్లు. రౌండ్‌లో మాటలు కూడా నిజంగా లోపల నడిచేవే ఉండాలి. నెత్తి మీద 'ఈ సిగ్గు', కనుబొమ్మ దగ్గర 'మళ్లీ మానేస్తాను', కంటి పక్కన 'మొన్న కూడా ఇంతే', కంటి కింద 'మీ ధ్యానం ఏమైందని అడుగుతారు'. ఇలా. 3కి దిగగానే ఆపేసి కూర్చోవాలి.

0 వచ్చేదాకా తట్టనక్కర్లేదంటున్నాం, గమనించండి. 0 కోసం అరగంట తడుతూ కూర్చుంటే వాయిదా వేయడానికి కొత్త సాధనం దొరికినట్టే. మూడు నిమిషాలు, మహా అయితే ఐదు. చివరి రౌండ్‌కీ కూర్చోవడానికీ మధ్య నీళ్లు తాగడం, మెసేజ్ చూడటం లాంటివేవీ ఉండకూడదు. అందుకే ముందు చాప పక్కన నిలబడమన్నది. మంచం మీద పడుకుని ట్యాపింగ్ చేసేవాళ్లు చాలాసార్లు హాయిగా నిద్రపోతారు, అందులో తప్పేం లేదు గానీ మనం అనుకున్న పని అది కాదు.

ఇంకో పొరపాటు, 'నా బద్ధకం' అని తట్టడం. బద్ధకం మనం మనకి పెట్టుకున్న పేరు, దానికి ఒంట్లో చోటు లేదు, అంకె వేయలేం. 'చాప చూడగానే భుజాలు కుంగినట్టుంది' అంటే వేయగలం. అలాగే మొదటి రౌండ్ నుంచే 'నేను రోజూ ఆనందంగా ధ్యానం చేస్తున్నాను' అనేవాళ్లున్నారు. లోపల మనసు వెంటనే 'ఎక్కడ చేస్తున్నావు?' అంటుంది, అంకె తగ్గకపోగా పెరుగుతుంది.

కొన్ని ఇబ్బందులు అసలు ట్యాపింగ్‌తో పోయేవి కావు. మోకాళ్లు నొప్పి పుట్టి వాయిదా వేస్తుంటే కావలసింది పిరుదుల కింద నాలుగంగుళాల ఎత్తు దిండు, లేదా కుర్చీ. రాత్రి ఒంటిగంటకి పడుకుని ఐదింటికి లేవలేకపోతే అది నిద్ర చాలకపోవడం. 52 నిమిషాలు అనుకోగానే అంకె 8కి పోతుంటే, నిమిషాలు 10కి తగ్గించి మళ్లీ అంకె వేసి చూడండి. ఒక్కసారి కూడా తట్టకుండానే 3 రావచ్చు. సంఖ్య తగ్గిస్తే తప్పు చేసినట్టుంటుంది అనిపిస్తే, ఆ 'తప్పు' మీద ఒక రౌండ్ చేసుకోండి, అది మాత్రం ట్యాపింగ్‌కి సరిగ్గా సరిపోయే విషయం.

ఇది నిజంగా పనిచేస్తుందా అంటే, పాయింట్లకీ శరీరంలోని శక్తి మార్గాలకీ సంబంధముందని ఈఎఫ్‌టీ వాళ్లు చెప్పే మాటకి నమ్మదగ్గ రుజువు లేదు. 2003లో వెయిట్, హోల్డర్ అనే ఇద్దరు పరిశోధకులు ఏదో ఒక భయం ఉన్న 119 మందిని నాలుగు గుంపులు చేశారు. ఒక గుంపు ఈఎఫ్‌టీ పాయింట్ల మీద తట్టింది, ఇంకోటి చేతి మీద వేరే చోట్ల, మూడోది ఒక బొమ్మ మీద, నాలుగోది కాగితంతో ఆటవస్తువు చేసింది. మొదటి మూడు గుంపుల్లో భయం ఇంచుమించు ఒకేలా తగ్గింది, నాలుగోదాంట్లో తగ్గలేదు. బొమ్మని తట్టినా వేలి కొసల్లో పాయింట్లుంటాయిగా అని ఈఎఫ్‌టీ వాళ్లు వాదించారు. మాకు ఆ వాదన అతికినట్టు అనిపించదు. ఇబ్బందిని పేరు పెట్టి పైకి చెప్పడం, చెబుతూ చేతులకి ఒక లయలో పనివ్వడం, వీటి వల్లే ఫలితం అనుకోవడానికి ఎక్కువ ఆస్కారం ఉంది. అందుకే చోటు ఓ అరంగుళం అటూ ఇటూ అయినా మేం కంగారుపడం, మాట నీరుగారితేనే ఆపి సరిచేయమంటాం.

ఒక జాగ్రత్త. తడుతుంటే పాత ప్రమాదమో, దెబ్బలో, చావో గుర్తొచ్చి వణుకు పుడితే అక్కడే ఆపేయండి. కళ్లు తెరిచి గదిలో వస్తువులు చూడండి, ఒంటరిగా కొనసాగించొద్దు. సైకాలజిస్టు అందుబాటులో లేకపోతే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416 ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

ధ్యానం మధ్యలో లేచిపోవాలనిపిస్తే అప్పుడు తట్టొచ్చా అన్నది తరచూ వచ్చే ప్రశ్న. వద్దండీ. శ్వాస మీద ధ్యాసైనా, విపశ్యనైనా, ఆ కదలాలనే ఆత్రాన్ని కూడా చూస్తూ ఉండమనే చెప్తారు. తట్టడం మొదలుపెడితే చూడటం ఆగిపోతుంది. టైమర్ మోగేదాకా ఉండండి. మోగాక కూడా చిరాకు 4 పైన ఉంటే, లేవకముందే అక్కడే ఒక రౌండ్ చేసి, అంకె రాసి, చాప చుట్టేయండి.