చింతపండుతో తోమిన రూపాయి

(ఇత్తడి డబ్బా మూత తీస్తున్న చేయి)

నమస్తే. ఇది చిత్తూరులో మా అవ్వ పూజ డబ్బా. వరలక్ష్మీ వ్రతం వస్తే చాలు, ఇందులోని వెండి రూపాయలు బయటికొస్తాయి. చింతపండుతో తోమించుకుని, పసుపు కుంకుమ పెట్టించుకుని మళ్లీ లోపలికి పోతాయి. వాటిల్లో ఒకటి 1911 నాటిది.

(క్లోజప్: ఐదో జార్జి బొమ్మ)

రాజుగారి అంగీ మీద హారం చూశారా? అందులో ఒక ఏనుగు ఉండాలి. దాని తొండం మరీ పొట్టిగా పడేసరికి జనానికి అది పందిలా కనబడింది. గొడవైంది. సర్కారు ఆ రూపాయలను వెనక్కి తీసుకుని చాలావరకు కరిగించేసింది. 1912లో తొండం సరిచేసి కొత్తవి కొట్టింది. నాణేలు పోగేసేవాళ్లు ఈ 1911 దాన్ని 'పంది రూపాయి' అంటారు. మా అవ్వ దాంట్లో మాత్రం ఏనుగూ లేదు, పందీ లేదు. ఇన్నేళ్ల చింతపండు దెబ్బకు అక్కడంతా నున్నగా అయిపోయింది. అందుకే, పాత నాణెం దొరికితే దయచేసి తోమకండి. ఆ నల్లటి పొరే దానికి విలువ.

(కాటా మీద రూపాయి)

చిన్న డిజిటల్ కాటా ఒకటి కొనుక్కోండి. 1835 నుంచి 1939 దాకా వచ్చిన వెండి రూపాయి 11.66 గ్రాములు తూగాలి. మన పెద్దవాళ్ల తులం అంటే ఇదే బరువు. అరిగితే కొంచెం తగ్గుతుంది, అంతే. వెండి నూటికి 91.7 పాళ్లు. 1940 నుంచి నూటికి 50 పాళ్లకు దించారు. పులి బొమ్మ ఉన్న 1947 రూపాయి నికెల్‌ది, అయస్కాంతానికి టక్కున అతుక్కుంటుంది.

1939 రూపాయి చాలా అరుదు. 1938 రూపాయి మీది చివరి 8ని చెక్కి 9 చేసే ఘనులూ ఉంటారు కాబట్టి, ఆ అంకెను లెన్స్‌లో చూడకుండా డబ్బు తీయకండి.

(రాగి బిళ్ల)

ఇక నా తెలివితక్కువతనం. తిరుపతిలో ఫుట్‌పాత్ మీద కొన్నాను. ఒకవైపు శ్రీరామ పట్టాభిషేకం, ఇంకోవైపు ఈస్టిండియా కంపెనీ, 1818, వన్ అణా. 'మహిమ ఉన్న బిళ్ల, బియ్యాన్ని తనవైపు లాగుతుంది సార్' అన్నాడు అమ్మినాయన. ఇంటికొచ్చి బియ్యం పోశాను కూడా, నవ్వకండి. బ్రిటిష్ ఇండియాలో అణా బిళ్ల చలామణిలోకి వచ్చిందే 1907లో. మరి 1818లో ఎక్కణ్ణుంచి వస్తుంది? కంపెనీ ఇలాంటివి కొట్టనే లేదు.

కంపెనీ దేవుడి బొమ్మ వేయలేదని కాదు. ఈ ఫొటో చూడండి.

(ఫొటో: పావు వరహా)

1807-08 ప్రాంతంలో మద్రాసు టంకశాలలో కొట్టిన వెండి పావు వరహా ఇది. ఒకవైపు గోపురం, దాని చుట్టూ నక్షత్రాలు. రెండోవైపు విష్ణుమూర్తి, ఆయన చుట్టూ తమిళ అక్షరాలు, మన తెలుగు అక్షరాలు. కంపెనీ నాణెం మీద తెలుగు! చిత్తూరు అప్పటికే మద్రాసు కింద ఉంది. మన ఊరి సంతలో ఇది చేతులు మారే ఉంటుందని నా ఊహ.

ఈ ఫొటో అవ్వకు చూపించాను. కళ్లజోడు సర్దుకుని చూసి, "ఎంత నల్లగా ఉందిరా, తోమలేదేమి దీన్ని?" అనింది.